నలుచదరపు అక్షరం

మా అమ్మ పుట్టింది, పెరిగింది అండమాన్‌లోనే. చదువంతా హిందీలో సాగింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవలేదు. శుక్రవారాలు గుడిలో ఆడవాళ్లు వంతులవారీగా స్తోత్రాల పుస్తకం చదువుతారు. అమ్మ వంతు రాగానే కళ్లజోడు మరిచిపోయానంటూ పుస్తకాన్ని పక్కావిడకు అందించేది. ఎన్నిసార్లని మరిచిపోతుంది? అరవై దాటాక ఒకరోజు "నాకు అచ్చరాలు నేర్పరా" అంది.

నేను ఇక్కడే గోల్ ఘర్ అనే పేటలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. బతు బస్తీలోని మా ఇంటి కంప్యూటర్ కూడా ఆఫీసులోలాగే లినక్స్ మీదే నడుస్తుంది. మొదటి పాఠంగా పేజీ నిండా ‘అ’ టైపు చేశాను. ఒక్క కమాండుతో ప్రింటర్‌కు పంపి, వచ్చిన కాగితం చూడకుండానే డ్యూటీకి పరిగెత్తాను.

సాయంత్రానికి అమ్మ ఆ పేజీని పాత క్యాలెండరు వెనకవైపు కుదురుగా దిద్ది పెట్టింది. అన్నీ ఖాళీ డబ్బాలే, వరసకు వరస. నాకు నవ్వాగలేదు.

"తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కదమ్మా."

"ఇదొక్కటీ చౌకోర్‌గా ఉంటాదేమో అనుకున్నాన్రా. నాకేటి తెలుసు?" అని కాగితం మడిచేసింది. "ఛోడ్ దే. ఈ వయసులో నాకెందుకివన్నీ."

నా నవ్వు చప్పున ఆగిపోయింది. అమ్మ నొచ్చుకుంటే మళ్లీ అడగదు.

తెర మీద ‘అ’ చక్కగానే ఉంది. కాగితం మీదే డబ్బా. మధ్యలో ఏం జరిగింది? అది తేలేదాకా నాకు అన్నం సయించదు. మనం పంపిన పేజీ ముందు స్పూల్ అనే వరసలో నిలబడుతుంది. అక్కణ్ణుంచి ఫిల్టర్లనే చిన్న ప్రోగ్రాములు దాన్ని ప్రింటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మారుస్తాయి. కంప్యూటర్ తాను చేసిన పనులు రాసుకునే లాగ్‌లో వివరాలన్నీ నమోదయ్యేలా పెట్టి, పేజీని మళ్లీ పంపి, ఒక్కో లైనూ చదివాను. ఎక్కడా ఫిర్యాదు లేదు. పని విజయవంతంగా పూర్తయిందట. భలే వింతగా అనిపించింది. తీరా చూస్తే ఫిల్టర్ వాడే ఫాంట్‌లో తెలుగే లేదు. తెలియని అక్షరం వచ్చినప్పుడల్లా డబ్బా గీసి, గుట్టుచప్పుడు కాకుండా ముందుకు పోయింది. అమ్మ కళ్లజోడు సాకు లాంటిదే ఇదీ.

ఎక్కడో దొరికిన పాత తెలుగు ఫాంట్‌ను ఫిల్టర్ సెట్టింగుల్లో చేర్చాను. ఈసారి నిండైన ‘అ’లు వచ్చాయి. తప్పు మెషిన్‌దని చెప్పి అమ్మను బతిమాలాను. కాస్త బెట్టు చేసినా చివరికి కూర్చుంది. అక్కణ్ణుంచి రోజుకో పేజీ చొప్పున పాఠం నడిచింది.

కొన్నాళ్లకు అక్షరాలన్నీ ఒకే కాగితం మీద తీశాను. ఈసారి పైనుంచి కిందిదాకా చూసే ఇచ్చాను. అమ్మ వేలు పెట్టుకుని ఒక్కొక్కటే పలుకుతూ వెళ్లింది. ఆఖరి వరసలో ఆగింది.

"ఇదేటిరా?"

వంగి చూశాను. బండి ఱ ఉండాల్సిన చోట డబ్బా ఉంది. ఆ ఫాంట్‌లో అదొక్కటీ లేనట్టుంది. అంత చూసినా నా కంటికి ఆనలేదు.

"నువ్వే చెప్పమ్మా."

అమ్మ ఇంకోసారి చూసి, కాగితం నా చేతికిచ్చింది.

"ఇది అచ్చరం కాదు. ఎల్లి సరిగ్గా తీసుకురా. శుక్రవారం లోపల కావాల నాకు."