ఉప్పు చాలని ఏడు

గోదావరి సముద్రంలో కలిసేచోటికి కాస్త ఎగువన, ఏటిగట్టు మీద ఒక ఉప్పుచేపల కంపెనీ ఉండేది. అది మూతపడి ముప్పై ఏళ్ళు దాటింది. ఎవరివల్ల మూతపడిందన్న మాట మీద మాత్రం మా పేటలో ఇప్పటికీ రెండు పక్షాలున్నాయి. నేను అందులో ఏడేళ్ళు పనిచేశాను. చేప సరిగా ఆరిందో లేదో చూసి, తాటాకు బుట్టల్లో కట్టించి, మూతల మీద కంపెనీ ముద్ర వేయించడం నా పని. జాలరి ఇంట పుట్టి, పాదిరిగారి బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్నందువల్ల దొరికిన పని అది.

కంపెనీ పెట్టింది బియ్యం వర్తకం చేసే షావుకారు. తన బంధువులిద్దరిని వాటాదార్లుగా చేర్చుకున్నాడు. ఆయనది చేప ముట్టని కులం. గట్టు మీదికి వచ్చినప్పుడు గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకుని, ఆ వైపు నిలబడి మాట్లాడేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. రంగంలో, అంటే రంగూన్‌లో, మనవాళ్ళు వేలమంది కూలిపని చేస్తున్నారనీ, వాళ్ళకి ఇంటి రుచి పంపితే మంచి వ్యాపారమవుతుందనీ మొదట తోచింది ఆయనకే.

చేప కోసి, కడిగి, ఉప్పు పట్టించి, ఆరబెట్టేది నలభైమంది ఆడవాళ్ళు. వాళ్ళకి పెద్ద మా మేనత్త. చిన్నతనంలోనే భర్త సముద్రంలో పోయాడు. కంపెనీ పెట్టిన రెండో ఏడు ఒకామె చెయ్యి కత్తికి తెగి వాచిపోతే షావుకారు ఆమెను పనిలోంచి తీసేశాడు. మర్నాడు మిగతావాళ్ళెవరూ కత్తి పట్టలేదు. అందరూ అమ్మవారి గుడి ముందు పసుపునీళ్ళు ముట్టి ప్రమాణం చేశారు. ఒకరిని తీసేస్తే ఎవరూ పనిలోకి వెళ్ళకూడదు. తినేవాళ్ళకి చేటు చేసే సరుకు మీద చెయ్యి వెయ్యకూడదు. దాన్ని మేము ‘కట్టు’ అనేవాళ్ళం. ఆ పని తెలిసినవాళ్ళు దగ్గర్లో వేరే లేరు కనుక షావుకారు ఒప్పుకున్నాడు. ఆ తరువాత నాలుగైదేళ్ళు ఏ గొడవా లేదు. రంగంలో మా ముద్ర చూసి బుట్ట విప్పకుండానే కొనేవారని వినేవాళ్ళం.

నేను చెప్పబోయే ఏడు, ఎండాకాలంలో కురవకూడని వాన కురిసింది. సర్కారు ఉప్పు కొఠారులో రాశులు కరిగిపోయాయి. మేము అడిగినదాంట్లో సగం ఉప్పే ఇచ్చారు. ఆ నెలలోనే వంజరం చేప వలల్లో విరగబడి పడింది. పడవలవాళ్ళతో ముందే మాట ఉంది కనుక షావుకారు చేపంతా తీసుకోక తప్పలేదు. నన్ను పిలిచి, ఉన్న ఉప్పుతోనే సర్దించమన్నాడు. కాకినాడలో రంగం ఓడ బయల్దేరే రోజు దగ్గర పడుతోందనీ, అది మనకోసం ఆగదనీ అన్నాడు.

అత్తతో చెప్పాను. సగం ఉప్పుతో ముళ్ళ దగ్గర పురుగు పడుతుందని ఆవిడ అంది. అందరూ కత్తులు కడిగి గట్టు కింద నీడలో కూర్చున్నారు. అలా మూడు రోజులు గడిచాయి. మొదటి రోజు వచ్చిన చేప కుళ్ళితే ఇసకలో పూడ్చాం. రెండో రోజు వచ్చిన చేప మెత్తబడింది. మూడో రోజు పొద్దున్న షావుకారు నన్ను మళ్ళీ పిలిచి, కొఠారునుంచి ఉప్పు పడవ బయల్దేరిందని చెప్పమన్నాడు. అలాంటి పడవేదీ లేదని నాకు తెలుసు. అలాగేనండి అన్నాను.

“ఉప్పు పడవ వస్తందంట అత్తా,” అన్నాను.

“నువ్వు చూశావా?”

“చూశాను.”

ఆవిడ కాసేపు నా వైపు చూసింది. లేచి పైట నడుముకి దోపుకుంది. మిగతావాళ్ళూ లేచారు. వెనకొచ్చే ఉప్పు పైన చల్లవచ్చని ఉన్నదాన్నే పలచగా పట్టించారు. మెత్తబడిన చేప కూడా తొట్లలోకి వెళ్ళింది. పడవ రాలేదు. ఆరబెట్టే రోజుల్లో మబ్బు పట్టింది. బుట్టలకి ఎత్తే ముందు ఒక చేపను విరిచి చూశాను. వెన్నుముల్లు పక్కన ఇంకా తడి ఉంది. రెండు రోజుల ఎండ కావాలి. కాకినాడ వెళ్ళే పడవ రేవులో సిద్ధంగా ఉంది. ముద్ర వేయించాను.

రెండు నెలలకి రంగంనుంచి ఉత్తరం వచ్చింది. సరుకంతా అక్కడి ఏట్లో పారబోశామనీ, ఇకమీదట ఆ ముద్ర ఉన్న బుట్ట దించుకునేది లేదనీ రాశారు. బంధువులిద్దరూ వాటాలు తీసుకుపోయారు. దసరా రాకముందే షెడ్లకి తాళం పడింది.

మా పేటపెద్ద అందరినీ చావిట్లో కూర్చోబెట్టాడు. ఆడవాళ్ళు మూడు రోజులు కూర్చోబట్టే చేప చెడిందన్నాడు షావుకారు. సగం ఉప్పే ముంచిందన్నారు ఆడవాళ్ళు. సరుకు చూసి ముద్ర వేసినవాణ్ణి నేను కనుక పెద్ద నన్నడిగాడు. మబ్బు పట్టడం వల్ల జరిగిందన్నాను. మబ్బును తిడితే ఎదురు చెప్పేవాళ్ళుండరు. సభ చల్లబడింది. అత్త ఉప్పు పడవ సంగతి ఎత్తలేదు.

వారం తరువాత వాళ్ళింటికి వెళ్ళి, ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆవిడ వల బాగుచేస్తోంది. తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

“చెప్తే నిన్ను పేటలో ఉండనిచ్చేవారంట్రా అల్లుడా? అయినా తప్పు నీ ఒక్కడిదేంటి? నువ్వు చూశానన్నప్పుడే అబద్ధమని తెలిసింది నాకు. మూడ్రోజులై పిల్లలకి గంజి లేదు. ఆళ్ళని ఇంకో రోజు కూర్చోబెట్టలేకపోయాను. నమ్మినట్టు లేచాను.”

లేచి వచ్చేశాను. ఆ మాట విన్నాక కూడా మనసులో బరువు తగ్గలేదు. నాతోపాటు మోసేవాళ్ళు ఇంకొకరున్నారని మాత్రం తెలిసింది.

ఆడవాళ్ళలో కొందరు తామే రంగం వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు తలగంపలతో ఊళ్ళు తిరిగి చేపలమ్మారు. అత్త కాలవ పడవల మీద నిడదవోలు దాకా వెళ్ళేది. నాకు కాలవ లాకు దగ్గర పడవలకి రసీదులు రాసే పని దొరికింది. షావుకారు బియ్యం పడవ ఒకసారి అక్కడ ఆగింది. ఆయన దిగివచ్చి నా క్షేమం అడిగాడు. తరువాత, “మీ అత్తగారికి ఒంట్లో బాగుంటోందా? అంత పనిమంతురాలిని నేను మళ్ళీ చూళ్ళేదోయ్,” అన్నాడు. తప్పెవరిదన్న మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అత్త పోయిన ఏడాదికి, ఆనాటి కట్టులో బతికున్న ముగ్గురిని పిలిచి నా అబద్ధం గురించి చెప్పాను. ఆవిడకి తెలిసీ లేచిందన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. అప్పటినుంచి మా ఇంట మంచినీళ్ళు ముట్టరు. మూడో ఆవిడ అరుగు మీదే కూర్చుండిపోయింది. కొఠారు దారిలోనే వాళ్ళ పుట్టిల్లట. ఆ నెలలో ఏ ఉప్పు పడవా కదల్లేదని ఆ రోజే తెలుసునట. ఇంట్లో బాలింత కూతురు ఉండి తనూ నోరు మెదపలేదని చెప్పి, కాసిని మజ్జిగ ఇమ్మంది.