లాంతరమ్మకు ట్రయల్

"—వచ్చి వారమైనా కాలేదు, చేతిలో లాంతరు ఒక్కసారైనా వెలిగిందో లేదో మీరు చూడలేదు, అప్పుడే ఆవిణ్ణి వాడికి మేపేస్తానంటే నేను ఊరుకుంటానా?"

"మేపేశానన్నానా? మేపేద్దామన్నాను. రెండిటికీ తేడా ఉంది."

"మీ నోట ఆ మాట వచ్చాక ఇంక తేడా ఏముంటుంది? సాయంత్రానికల్లా ఒక్కరి దగ్గర కూడా ఆవిడ మిగలదు."

ప్యాంటు పొడవు తగ్గించుకుందామని వచ్చిన బ్యాంకు గుమాస్తా దర్జీ కొట్టు గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల కటింగ్ బల్లకు అటువైపు మాస్టారు, ఇటువైపు ఆయన భార్య. మధ్యలో సగం కత్తిరించిన కోటు గుడ్డ, దాని మీద ఒక ఫోను. ఇద్దరి చూపూ ఆ ఫోను మీదే ఉంది.

"ఎవర్ని... ఎవరికండీ?" అన్నాడు గుమాస్తా.

"లాంతరమ్మని. గొడ్డలాయనకి," అంది భార్య, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "ప్యాంటేనా? ఇలా ఇవ్వండి. ఎంత తగ్గించాలి?"

"గేమండీ బాబూ, భయపడకండి," అన్నారు మాస్టారు నవ్వుతూ. "కూర్చోండి. ఇస్త్రీతో సహా ఇప్పుడే ఇచ్చేస్తాను."

అది రాళ్లు కలిపే ఆట. ఒకే రంగు రాళ్లు మూడు వరుసలో చేరిస్తే అవి పగిలి ఎదుటి సైన్యం మీద పడతాయి. మన జట్టులో ఆ రంగు వీరుడికి బలం నిండుతుంది. పూర్తిగా నిండాక వేలితో తాకితే తన విద్య చూపిస్తాడు. ఒకడు కొడతాడు, ఒకడు గాయాలు మాన్పుతాడు, ఇంకొకడు ఎదుటివాళ్లను గడ్డకట్టిస్తాడు. జట్టుకు ఐదుగురు. అక్కర్లేని వీరుల్ని కావలసిన వీరుడికి ఇచ్చేస్తే వాడు పెరుగుతాడు, ఇచ్చినవాళ్లు మాయమైపోతారు. దానికి ఆటలో ఏదో మర్యాదైన పేరే ఉంది. ఈ వీధిలో మాత్రం మేపడం అంటారు. మేపిన వీరుడు మళ్లీ తిరిగి రాడు.

మాస్టారు గొప్ప ఆటగాడేమీ కాదు. యుద్ధాల్లో ఆయనకు వచ్చే మార్కులు మధ్యరకం. ఆయనకున్న పేరు వేరే విషయంలో. నెలనెలా ఆటలో అందరి జట్లలోకీ కొత్త వీరులు వస్తారు. ఆ వచ్చినవాడు పనికొస్తాడా, నాలుగు రోజుల ముచ్చటా అన్నది చెప్పాల్సింది ఆయనే. వీధిలో కొట్లవాళ్లంతా కలిసి ఒక దళం పెట్టుకున్నారు. దానికి నాయకుడు మాస్టారి బావమరిది, అద్దాలు కోసి బిగించే మనిషి. మలుపులో గుండీలు, దారాలు అమ్మే పిన్ని ఉంది. పళ్ల డాక్టరు గారున్నారు. ఇంకా ఎక్కడెక్కడివాళ్లో చేరారు. ఆదివారాలు వేరే దళంతో యుద్ధం. కొత్త వీరుడు వచ్చాక మాస్టారి వాయిస్ మెసేజ్ వినేదాకా ఒక్కరూ చెయ్యి కదపరు. ఆ మెసేజ్ వెనక కుట్టు మిషను చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఒక్కోసారి పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేస్తారు. సూదుల సందులోంచి మాట వచ్చిందంటే ఆ వీరుడి పని అయిపోయినట్టేనని, వాడి కోసం సూదులు తీయడం కూడా దండగ అనుకున్నట్టేనని గ్రూపులో చెప్పుకుంటారు.

కొట్టులో ఆయన ఎదుటివాళ్లు చెప్పింది కుట్టే మనిషి. వదులుగా కావాలంటే వదులు, బిగువుగా కావాలంటే బిగువు. నప్పదని తెలిసినా గట్టిగా అనరు, "మీ ఇష్టం" అంటారు. గ్రూపులో అలా కాదు. అక్కడ ఆయన చెప్పేదాకా అందరూ ఆగుతారు, చెప్పాక అందరూ వింటారు. కొత్త వీరుడు వచ్చిన రోజున ఆయన కాస్త మంచి చొక్కా వేసుకొస్తారని భార్య అంటుంది. ఆయన ఒప్పుకోరు.

బావమరిది అక్కా అని పిలుస్తాడు కాబట్టి వీధి మొత్తానికీ ఆవిడ అక్కే. కాజాలు, చేతికుట్టు, లెక్కలు ఆవిడవి. ఆటలో ఇద్దరికీ కలిపి ఒకటే ఖాతా. ఫోను బల్ల మీద టేపు పక్కన పడి ఉంటుంది. ఎవరి చెయ్యి ఖాళీ అయితే వాళ్లు ఆడతారు. ఇంటి విషయాల్లో పెద్దగా పోట్లాడుకోని ఈ జంట ఆ ఖాతా దగ్గర మాత్రం తాడో పేడో తేల్చుకుంటారు. ఇప్పుడైతే మరీనూ. వీరుణ్ణి చివరి మెట్టు ఎక్కించాలంటే వెండి రెక్కలు కావాలి. అవి ఎప్పుడో గాని దొరకవు. ఎన్నాళ్లుగానో కూడబెడితే ఒక్క వీరుడికి సరిపడా అయ్యాయి. అక్క అవి లాంతరమ్మకు ఇద్దామంటోంది. మాస్టారు ఆ లాంతరమ్మనే గొడ్డలాయనకు మేపి, రెక్కలు కూడా ఆయనకే తొడుగుదామంటున్నారు.

వీరుణ్ణి తూచడంలో మాస్టారికో పద్ధతి ఉంది. బొమ్మ చూసి మోసపోరు. మీసాలు, కిరీటాలు, వెనకాల మెరుపులు ఆయన లెక్కలోకి రావు. "షాపులో బొమ్మకు తొడిగితే ఏ చొక్కా అయినా బాగానే ఉంటుంది. మనిషికి తొడిగి చెయ్యి ఎత్తమనాలి," అంటారు. బలం ఎంత త్వరగా నిండుతోంది, నిండాక ఏం చేస్తున్నాడు, దెబ్బ తగిలితే ఎంతసేపు నిలుస్తున్నాడు, ఈ మూడూ చూస్తారు. తరువాత ట్రయల్. రాతివంతెన అనే పాత లెవెల్లో ఆ వీరుణ్ణి నడిమధ్య నిలబెట్టి ఆడతారు. వీరులు ఎందరు మారినా ట్రయల్ మాత్రం రాతివంతెన మీదే.

గుమాస్తా ప్యాంటుకు సుద్దతో గుర్తు పెడుతుండగా బావమరిది లోపలికి వచ్చాడు. చొక్కా మీద అద్దాల పొడి మెరుస్తోంది.

"బావా, ఇంకా చెప్పవేం? గ్రూపులో అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. పిన్ని బేరాలు మానేసి ఫోను పట్టుకుని కూర్చుంది. మా గొడ్డలాయనేమో ఆకలితో నకనకలాడిపోతున్నాడు."

"నీ గొడ్డలాయనకి ఆకలి లేనిదెప్పుడు?" అంది అక్క. "అచ్చం నీలాగే."

"చూశావా బావా, తోడబుట్టినవాణ్ణన్న కనికరం కూడా లేదు."

"తోడబుట్టావు కాబట్టే తిండి సంగతి తెలిసింది."

మాస్టారు ప్యాంటు మిషను మీదికి తీసుకున్నారు. "ట్రయల్ అయిపోయిందిరా. నిన్న చూశాను, పొద్దున మళ్లీ చూశాను. ఆవిడ బలం నిండేలోపు యుద్ధమే అయిపోతోంది. దీపం పెడదామని లేచేసరికి ఇంట్లో అందరూ నిద్రపోయినట్టుంది వ్యవహారం."

"నేను ఆడితే వెలిగింది," అంది అక్క.

"ఎప్పుడు?"

"మీరు లైనింగ్ గుడ్డ కోసం వెళ్లినప్పుడు. నల్లకోట ఆడాను."

"నల్లకోటా! అది సగం పూట పట్టే లెవెల్. ఎప్పుడో రాళ్లు కలిసొచ్చి ఉంటాయి."

"మీరు గెలిస్తే తెలివి, నేను గెలిస్తే రాళ్లు."

గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బావమరిది కూడా నవ్వబోయి, అక్క చూపు చూసి గోడ మీది అద్దం బిగింపు సరిగా ఉందో లేదో పరీక్షించడం మొదలుపెట్టాడు.

అంచు కుట్టడం అయింది. మాస్టారు లేచి ఇస్త్రీ పెట్టె స్విచ్ వేశారు. దాని నెత్తిన ఎర్రదీపం వెలిగింది. "సరే, నీ కళ్లముందే ఇంకోసారి చూద్దాం," అని ఫోను తీసుకున్నారు. రాతివంతెన. వేళ్లు చకచకా కదిలాయి. గొడ్డలాయన ఒక దెబ్బ, ఇంకో దెబ్బ. ఎదుటివాళ్లు కూలిపోయారు. పెట్టె మీద ఎర్రదీపం ఆరింది. మాస్టారు ఫోను బల్ల మీద పెట్టి పెట్టె పిడి అందుకున్నారు.

"వెలిగిందా? వెలగలేదు. చూసుకో."

అక్క ఫోను చూడలేదు. పెట్టెకేసి చూస్తోంది.

"ఏమండీ, ఎప్పుడూ రాతివంతెనే ఎందుకు ఆడతారు?"

"అలవాటైంది. చప్పున అయిపోతుంది."

"చప్పున అంటే?"

"అంటే... పెట్టె వేడెక్కేలోపు," అన్నారు మాస్టారు. ఆ మాట అనేశాక ఆయన కూడా పెట్టెకేసి చూశారు.

అక్క లేచి వెళ్లి ప్లగ్గు పీకేసింది. "ఇప్పుడు ఆడండి. నల్లకోట."

"వీరి ప్యాంటు?"

"ఫర్వాలేదండీ," అన్నాడు గుమాస్తా, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "నాకూ చూడాలనుంది."

నల్లకోట రాతివంతెనలా లొంగలేదు. మొదటి వరుసను పడగొడితే వెనక మరో వరుస, దాని వెనక ఇనుప గదతో ఒక రాక్షసుడు. గొడ్డలాయన వచ్చీ రావడంతోనే విరుచుకుపడ్డాడు. అందరికంటే ముందు దెబ్బలు తిన్నదీ ఆయనే, పడిపోయిందీ ఆయనే. బావమరిది "అయ్యో" అన్నాడు, సొంత మనిషి పోయినట్టు. మాస్టారు ఆడుతూనే ఉన్నారు. మిగిలినవాళ్లకు గాయాలవుతున్నాయి. పసుపు రాళ్లు ఇక్కడో రెండు, అక్కడో రెండు. లాంతరమ్మ బలం గిన్నెలో నూనె పోసినట్టు కొద్దికొద్దిగా నిండుతోంది.

నిండింది. మాస్టారు ఆమెను తాకారు.

తెర అంతా ఒక్కసారి పచ్చగా అయింది. ఎదుటివాళ్లకు కళ్లు చెదిరిపోయాయి. బాణాలు పక్కకు పోయాయి. రాక్షసుడు గద ఎత్తి నేలను కొట్టాడు. మళ్లీ ఎత్తి గాలిని కొట్టాడు. ఇటువైపు గాయాలు ఒక్కొక్కటే మానుతున్నాయి.

"తప్పింది!" గుమాస్తా లేచి నిలబడ్డాడు. "మళ్లీ తప్పింది! కొట్టండి, కొట్టండి!"

"మీరు కూర్చోండి సార్, నాకు కనపడట్లేదు," అన్నాడు బావమరిది, అతని భుజం మీదినుంచి తొంగి చూస్తూ.

కోట గెలిచేసరికి గొడ్డలాయన తప్ప అందరూ నిలబడే ఉన్నారు. బావమరిది చప్పట్లు కొట్టాడు. అక్క నవ్వు దాచుకోవడానికి కాజా గుడ్డ మీదికి వంగింది.

మాస్టారు మాత్రం నవ్వలేదు. మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టారు.

"ఒరేయ్, తాబేలు తాత నీ దగ్గర ఉన్నాడా?"

"ఎక్కడున్నాడు? వాడు నిదానం అని నువ్వే కదా బావా చెప్పావు. మేపేశా."

"మంచుకొండ అవ్వ?"

"ఆవిడ కూడాను. గొడ్డలాయన ఇష్టంగా తిన్నాడు."

"పిన్ని దగ్గర ఉంటారేమో?"

"పిన్ని నీ మాట జవదాటుతుందా?"

"వీణ వాయించేవాడు ఒకడుండేవాడు," అంది అక్క తల ఎత్తకుండానే. "నాకు నచ్చాడన్నాను. పాట అందుకునేలోపు సభ లేచిపోతుందన్నారు."

అందరూ నిదానంగా నిండేవాళ్లే. అందరికీ రాతివంతెన మీదే ట్రయల్ అయింది. పెట్టె వేడెక్కేంతసేపు. మాస్టారు బల్ల మీది సుద్దముక్కను అటూ ఇటూ దొర్లించారు. బావమరిదికి విషయం ఇప్పుడు అర్థమైంది. గొంతు తగ్గించాడు.

"బావా, నా మాట విను. లాంతరమ్మ బాగుందని చెప్పెయ్, అక్కడితో సరి. పాతవాళ్ల సంగతి ఎవడు అడుగుతాడు? తిన్నవి తిన్నారు, అరిగిపోయాయి కూడా. ఇప్పుడు తవ్వి తీశావనుకో, రేపటినుంచి నువ్వేం చెప్పినా పెట్టె వేడెక్కిందా మాస్టారూ అని వేళాకోళం చేస్తారు. పళ్ల డాక్టరు గారు ఇప్పటికే ఈ వీరుల మీద ఎవరివో వీడియోలు చూస్తున్నానని అంటున్నారు."

"ఎవరివి?" అన్నారు మాస్టారు వెంటనే.

"ఎవరివైతేనేం? ఆయన వెళ్లిపోతే ఆయన వెనక నలుగురు వెళ్తారు. దళం నిలబడిందే నీ మాట మీద. నేను నాయకుణ్ణని పేరుకే గాని, ఎవడూ నా మాట వినడు, నీకు తెలుసు."

"అది మాత్రం నిజం," అంది అక్క.

మాస్టారు భార్యవైపు చూశారు. "నువ్వేమంటావు?"

"నేను అడిగింది లాంతరమ్మ ఒక్కదాన్నే. ఆవిడ బతికిపోయింది. మిగతాది మీ ఇష్టం." సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నించింది.

మాస్టారు ప్లగ్గు పెట్టి పెట్టె వేడెక్కేదాకా ఊరికే నిలబడ్డారు. ప్యాంటు అంచు నొక్కి, మడత పెట్టి, గుమాస్తా చేతికి ఇచ్చారు. గుమాస్తా తీసుకున్నాడు గాని కదలలేదు. ఫోనులో గ్రూపు టింగుమంటూనే ఉంది. పిన్ని అడుగుతోంది, ఏమైంది మాస్టారూ, మేపమంటారా వద్దా అని. ఆ వెనకే ఇంకెవరో అన్నారు, మా గొడ్డలాయన అప్పుడే నోరు తెరుచుకుని కూర్చున్నాడని.

"బావా, ఆలోచించుకో," అన్నాడు బావమరిది.

మాస్టారు ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుని బొటనవేలు నొక్కిపట్టారు.

"అందరికీ నమస్కారం. లాంతరమ్మని ఎవరూ మేపకండి. చాలా మంచి వీరురాలు. ఇంకో మాట. ఇన్నాళ్లూ నేను కొత్తవాళ్లని రాతివంతెన మీదే చూస్తూ వచ్చాను, అదీ ఇస్త్రీ పెట్టె వేడెక్కేంతసేపే. నిదానంగా నిండేవాళ్లు అంతలో తేలరు. తాబేలు తాత, మంచుకొండ అవ్వ, వీణాయన, వీళ్ల గురించి నేను చెప్పింది తప్పు. ఎవరి దగ్గరైనా మిగిలుంటే జాగ్రత్తగా ఉంచుకోండి. నేను కాదన్నవాళ్లందర్నీ మళ్లీ నల్లకోటలో చూసి చెబుతాను. మా వెండి రెక్కలు లాంతరమ్మకే ఇస్తున్నాం. ఆదివారం యుద్ధంలో మా జట్టుకు నడిమధ్య ఆవిడే నిలబడుతుంది."