నేల మూలన మూడు వలయాలు

దయ్యాల మాటెత్తితే నాకు ఒళ్లు మండేది. ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే కంచం పట్టుకుని బయటికి వెళ్లిపోయేవాణ్ణి. నేను నమ్మింది వైర్లను, కంప్యూటర్‌ను. అయినా ఇది రాస్తున్నానంటే, జరిగింది నాకే కాబట్టి.

మా లక్ష్మక్కకు పుట్టు చెవుడు. మా నాయన గొర్రెల కాపరి. అక్కను పిలవాలంటే ఇంట్లో పరిచిన బండల మీద చేతికర్రతో కొట్టేవాడు. వెంటవెంటనే రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. అరికాళ్లకు అదురు తెలిసి అక్క ఏ పనిలో ఉన్నా లేచి వెళ్లేది. ఇది జరిగేనాటికి ఆయన పోయి రెండేళ్లు.

పాట ఎలా ఉంటుందో అక్కకు చూపించాలని నాకు పిచ్చి పట్టింది. తాడిపత్రిలో మూతపడిన బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఒక గది అద్దెకు తీసుకుని, గోడలకు తెల్లగుడ్డ కట్టి, మైకు, కంప్యూటర్, ప్రొజెక్టర్ పెట్టాను. మైకు ముందు పాడినా, డప్పు కొట్టినా ఎదుటి గోడ నడుమ నుంచి రంగుల వలయాలు విచ్చుకుంటాయి. లారీల రొద లోపలికి రాకుండా గుడ్డ వెనకాల అంతా పరుపులు కుక్కాను. తలుపుకు కూడా.

అక్కను మొదటిసారి తీసుకెళ్లింది ఎండాకాలం మధ్యాహ్నం. ఫోన్లు మోగితే వలయాలు చెడతాయని వాటిని బయట బల్ల మీద పెట్టించాను. అక్క ఉబ్బసం మందున్న సంచీ కూడా అక్కడే ఉండిపోయింది. ఇనుప తలుపు లాగి మూసేసరికి బయటి గడియ పడిపోయింది.

ఎంత గుంజినా రాలేదు. "ఎవురన్నా ఉండారా? తలుపు తీయండప్పా!" అని గొంతు చిరిగేలా అరిచాను. నేను కుక్కిన పరుపులే నా అరుపుల్ని బయటికి పోనివ్వలేదు. రేకుల కింద గది పొయ్యిలా కాగుతోంది. అక్కకు ఆయాసం మొదలై పిల్లికూతలు వస్తున్నాయి. ఆమెకు వినపడవు, నాకు వినపడుతున్నాయి. నా చేతులతో కట్టిన గదిలో అక్కను చంపుకుంటున్నానని ఏడుపొచ్చింది.

అంత అరుస్తున్నా గోడ మీద ఒక్క వలయం రాలేదని అప్పుడు గమనించాను. నోరెండిపోయి చతికిలబడ్డాను.

ఎదుటి గోడ ఎడమ మూలన, నేల దగ్గర, ఒక వలయం వచ్చింది. వెంటనే ఇంకొకటి. కాస్త ఆగి మూడోది. నడుమ నుంచి తప్ప రాకుండా ప్రోగ్రాం రాసింది నేనే. నాకు ఏ చప్పుడూ వినపడలేదు. మళ్లీ రెండు, ఆగి ఒకటి.

అక్క లేచింది. గోడ పట్టుకుని ఆ మూలకు పోయి, గుడ్డ చించి, పరుపు లాగి, అరచేత్తో కొట్టింది. అక్కడ గోడ లేదు. ఒకప్పుడు పాలిష్ బురదను బయటికి తోసే కంతకు బండ అడ్డం పెట్టి, మట్టి మెత్తి సున్నం కొట్టారు. ఇద్దరం కాళ్లతో తన్నాం. బండ బయటికి పడింది. గాలి వచ్చింది.

బండ పడిన చప్పుడుకు గేటు దగ్గర టీ అంగడి ఓబులమ్మ పరుగెత్తుకొచ్చి గడియ తీసింది. అక్కకు మందు పీల్పించాక, గోడను ఎవరు కొట్టారని ఆమెను అడిగాను.

"ఎవురు కొడతారప్పా? పొద్దుట్నుంచి నేను ఆడనే ఉండా. ఈ పక్కకు కుక్క గూడా రాలేదు."

తర్వాత లోపలికి పోయి చూస్తే మైకు వైరు ఊడి నేల మీద పడి ఉంది. తలుపు గుంజే కంగారులో నా కాలికే తగిలి ఉంటుంది. నా అరుపులు గోడ మీద ఎందుకు కనపడలేదో అర్థమైంది. ఆ వలయాలు ఎలా వచ్చాయో ఎంత వెతికినా ఈనాటికీ దొరకలేదు.

అక్కను అడిగాను. ఇందులో అడిగేదేముంది అన్నట్టు చూసి, చేతులతో చెప్పింది. నాయన పిలిచినాడు, పోయినాను.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ మిషన్ పెట్టమంటుంది. తలుపు బార్లా తెరిచి పెడతాను. ఇద్దరం గోడకేసి చూస్తూ కూర్చుంటాం. ఇంతవరకూ ఏమీ రాలేదు. కూర్చునే ముందు మైకు వైరు మాత్రం నేనే పీకేస్తాను.