నా భయానికి కాపలా పెట్టిన బిడ్డ

సహోదరీ సహోదరులారా, పోయిన జూన్ నుంచి నా ప్రతి ఉదయమూ భయంతోనే మొదలయ్యేది. కంకిపాడులో బస్సెక్కగానే కడుపులో తిప్పేది, విజయవాడ చేరేసరికి నోరు ఎండిపోయేది, ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడితే నా గొంతు నాకే వినిపించేది కాదు. చిన్నప్పటినుంచీ పుస్తకాల్లో తలదూర్చుకుని బతికినదాన్ని, టీచరునైతే అయ్యాను గాని నలుగురిలో మాట్లాడటం రాలేదు. డాక్టరుగారు గ్యాసని మాత్రలిచ్చారు, అవీ మింగాను. ఆరాధనలో నిలబడి ఈ సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగినా ధైర్యం చాలక, డైరీ ముందు పెట్టుకుని మన సంఘ పత్రికకు రాస్తున్నాను, మన్నించండి.

మా తరగతిలో గోల ఎక్కువ. ఒకరోజు హెడ్మిస్ట్రెస్‌గారు కిటికీలోంచి చూసి, "ఏంటండీ ఇది, క్లాసా, చేపల మార్కెట్టా?" అన్నారు. పిల్లలంతా ఒక్కసారి వెనక్కి తిరిగి నాగమణిని చూసి నవ్వారు. ఆ పిల్ల తండ్రి బందరు వైపునుంచి వచ్చి ఇక్కడ చేపలు అమ్ముతాడు. నాగమణి చివరి బెంచీలో ఒక్కతే కూర్చునేది, మధ్యాహ్నం అన్నం డబ్బా మూత సగమే తీసి, ఎవరూ చూడకుండా తినేది. ఇదంతా చూసి నేనేం చేశానో చెప్పటానికి సిగ్గుగా ఉంది. మర్నాడే ఆమెను క్లాసు లీడరును చేశాను. లీడరు పని మీకు తెలిసిందే, టీచరు లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డుమీద రాయటం. పదిమందిలో కలుస్తుందని చేశానని అందరికీ చెప్పాను, డైరీలోనూ అలాగే రాసుకున్నాను, కాని నా మనసుకు తెలుసు, స్నేహితులు లేని పిల్లయితే ఎవరినీ వదలకుండా రాస్తుందని, నేను నోరెత్తి కసరాల్సిన పని తప్పుతుందని!

ఆ బిడ్డ అలాగే రాసింది. తరగతి నిశ్శబ్దమైంది, దేవుడు నా ప్రార్థన విన్నాడనుకున్నాను, ఎంత గుడ్డిదాన్ని! మూడు వారాల తర్వాత ఒక సోమవారం నేను వెళ్ళేసరికి బోర్డునిండా ఒక్కటే పేరు, నాగమణి, నాగమణి, నాగమణి, రకరకాల చేతిరాతల్లో. ఆమె తలొంచుకుని కూర్చుంది. నేను డస్టరుతో తుడిచేసి, ఒక్క మాటైనా అనకుండా పాఠం మొదలుపెట్టాను. మర్నాటినుంచి నాగమణి రాలేదు. నాలుగో రోజు ఫోన్ చేస్తే వాళ్ళమ్మ, పిల్ల ముద్ద ముట్టటంలేదనీ, ఆదివారం బందరు దగ్గర అమ్మమ్మ ఊరు పంపేస్తున్నామనీ, ఇక చదువు మానిపిస్తామనీ చెప్పింది.

సహోదరులారా, ఆ సాయంత్రం ఇంటికి రాగానే తలుపు వేసుకుని మోకాళ్ళూనాను. "ప్రభువా, నా భయం తీసెయ్యమని ఇన్నాళ్ళూ అడిగాను, నా భయానికి ఒక పసిదాన్ని కాపలా పెట్టాను, నన్ను క్షమించు, ఆ బిడ్డ చదువు ఆగిపోనివ్వకు" అని ఏడ్చాను. భయం పోలేదు. కాని వాళ్ళింటికి వెళ్ళాలన్నది మాత్రం నాలో గట్టిపడింది, అది నా శక్తి కాదు, దేవునికే మహిమ!

శనివారం గుణదలలో వాళ్ళుండే గదికి వెళ్ళాను. దారంతా కూడబలుక్కున్న మాటలు గుమ్మంలోనే మరిచిపోయాను. నాగమణి గోడవైపు తిరిగి కూర్చుంది, నేను చాపమీద కూర్చున్నాను, ఎంతసేపటికీ ఇద్దరం పలకలేదు. చేపలు తోముతున్న వాళ్ళమ్మ చూసి చూసి, "మీ ఇద్దరికంటే నా గిన్నెలో చేపలే నయమండీ, కాసేపట్లో అయ్యే మాట్టాడేట్టున్నాయి" అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"నాగమణీ, నీకు స్నేహితులు లేరనే నిన్ను లీడర్ని చేశాను. తప్పు నాదమ్మా" అన్నాను.

"నాకు తెలుసు టీచర్" అంది ఆ పిల్ల, గోడవైపే చూస్తూ. "అందరి పేర్లూ సరిగ్గా రాస్తే మీరన్నా నాతో మాట్లాడతారనుకున్నా."

ఈ మాట డైరీలో రాయటానికి నాకు వారం పట్టింది.

ఆదివారం పంపొద్దని తల్లిని బతిమాలాను. సోమవారం ఫస్ట్ బెల్లు అయింది, నాగమణి రాలేదు. అమ్మమ్మ ఊరి బస్సెక్కించేశారేమోనని గుమ్మంవైపే చూశాను. అయినా పిల్లల ముందు నిలబడి తప్పు నాదేనని, ఇక మీదట బోర్డుమీద ఎవరి పేర్లూ ఉండవని చెప్పాను. వెనకనుంచి ఎవరో, "వినపడట్లేదు టీచర్" అన్నారు. మళ్ళీ మొదటినుంచీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది, చెప్పాను! సగంలో ఉండగా గుమ్మంలో నాగమణి, వెనక వాళ్ళమ్మ. మిగతా సగం ఆ పిల్ల ఎదుటే చెప్పాను.

అంతా చక్కబడిందని అబద్ధం చెప్పను. నాగమణి ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది, కాని పక్కన ఒక పిల్ల కూర్చుంటోంది. నేను రోజూ పాఠానికి ముందు చివరి బెంచీదాకా నడిచి, ఒక్కొక్కరినీ ఏదో ఒకటి అడుగుతాను, గొంతు వణికినా సరే. మాత్రలు మానేసి రెండు నెలలైంది.

నా ప్రభువుకు వేలాది స్తోత్రాలు! మీ బడిలోనో, మీ సండేస్కూల్లోనో నోరు విప్పని బిడ్డ ఉంటే, ఆ బిడ్డ మీకోసమే ఎదురుచూస్తూ ఉండొచ్చు. భయం పోయాక వెళ్దామని ఆగకండి, ఆయన్ని నమ్మి వణుకుతూనే లేవండి. ఆయన మీతో నడుస్తాడు.