పెట్రోలు లెక్కలో అరటిపండ్లు

మా మనవరాలు వేలూరు పక్కనున్న బాగాయం నుంచి కాట్పాడికి ఉద్యోగానికి వెళ్లొస్తూ ఉంటుంది. మొన్న ఒక ఆదివారం నా పక్కన కూర్చుని, ఫోనులో ఏవో అంకెలు నొక్కి, "అవ్వా, బస్సుకన్నా బండి మీద పోతే దుడ్డు మిగల్తాదంటావా?" అని అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. అదే ప్రశ్న మీద మా ఇంట్లో, నాకు పదేళ్లు దాటిన రోజుల్లో, పెద్ద పంచాయితీ జరిగింది. అందులో నా చదువు కూడా ఇరుక్కుంది.

మాది గుడియాత్తం. మగ్గాల వాళ్ల దగ్గర లుంగీలు కొని వేలూరు బజారులోని మా అంగట్లో అమ్మేవాళ్లం. ఇంటికి పెద్ద పెదనాయన. డబ్బుల పెట్టె తాళం చెవి ఆయన మొలతాడుకే ఉండేది. మా నాయన రోజూ వేలూరికి వెళ్లి అంగడి చూసుకునేవాడు. మా రైలు స్టేషను ఊరికి దూరం కాబట్టి అక్కడిదాకా ఒక జట్కా, కాట్పాడిలో దిగాక వేలూరికి ఇంకో జట్కా, మధ్యలో లుంగీల మూట మోసే కూలీ. ఇంటికొచ్చాక నాయన ముందు కాళ్లు కడుక్కునేవాడు, తర్వాత జట్కావాళ్లను తిట్టేవాడు.

స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్లయింది. ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. చిత్తూరు అటు పోయింది, మేము ఇటు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాం. పెద్దవాళ్లు అరుగుల మీద దాని గురించి గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు గానీ, నాకు తెలిసిన నష్టం ఒక్కటే. మా బడిలో తెలుగు చెప్పే అయ్యవారు చిత్తూరులో ఉద్యోగం దొరికిందని పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. ఆయన బదులు ఎవరూ రాలేదు. నేను గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర ఆగిపోయాను.

మా ఇంట్లో తిట్టుకున్నా తెలుగే, దేవుడికి మొక్కుకున్నా తెలుగే. కానీ మా తాత పోయాక తెలుగు అక్షరం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. అంగడి లెక్కలు తమిళం, పెళ్లి పత్రికలు తమిళం. నేనొక్కదాన్నే ఆ సగం అక్షరాలు పట్టుకుని గోడల మీద బొగ్గుతో గీస్తూ తిరిగేదాన్ని. వేలూరులో ఒక ఆడపిల్లల బడిలో తెలుగు పంతులమ్మ ఉందని నాయన విని వచ్చాడు. నన్ను అక్కడ చేర్చాలని ఆయనకు పట్టుదల. నాకు ఇంకా ఎక్కువ. కానీ రైలూ జట్కాలూ వేలూరు చేర్చేసరికి బడి గంట కొట్టేసేవాళ్లు. పైగా మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, "ఆడపిల్లను దినామూ రైల్లో పంపేది కాదప్పా" అని తేల్చేసింది.

అప్పుడు నాయన కంట పడింది ఆ మోటారు సైకిలు. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన బండి. ఎన్ని చేతులు మారిందో, పచ్చరంగు సగానికి సగం ఊడి ఇనుము కనబడుతూ ఉండేది. దాని చప్పుడు మాత్రం కొత్తగానే ఉండేది. మూడు వీధుల అవతల స్టార్టు చేస్తే మా ఇంట్లో పాల చెంబు మూత అదిరేది.

నాయన పెదనాయన ఎదురుగా కూర్చుని లెక్క చెప్పాడు. జట్కాలు, రైలు, కూలీ అన్నీ ఒక పక్క. వట్టి పెట్రోలు ఒక పక్క. బండి వాటికన్నా తక్కువే తాగుతుంది, పిల్ల బడి కూడా దాంతోనే గడిచిపోతుంది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట," అన్నాడు పెదనాయన. "బండే ఇంకా ఇంటికి రాలేదు, మిగులు లెక్క చెప్తా ఉండావు."

"ఒక్క తూరి చూడన్నా."

పెదనాయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "సరి. ఆయుధపూజ దాకా చూస్తా. దుడ్డు మిగిలితే బండికి నా చేత్తోనే కుంకం పెడతా. మిగల్లేదంటే ఆ దినమే అమ్మేస్తా. పిల్ల ఇంట్లో ఉంటాది. తెలిసిందా?"

నాకే ముందు తెలిసింది. అంటే నా ఒత్తులన్నీ ఆ బండి తాగే పెట్రోలు మీద ఉన్నాయి.

బడి తెరిచిన రోజు నాయన వెనక కూర్చున్నాను. నా వెనక లుంగీల మూట. పడిపోతానేమోనని అవ్వ నన్నూ మూటనూ కలిపి తాడుతో కట్టించింది. ఊరు దాటగానే గాలి ముఖానికి కొట్టింది. ఎంత సంతోషం వేసిందంటే, ఉన్న గుణింతమంతా గట్టిగా అరిచాను. బండి చప్పుడులో నాయనకు ఒక్క ముక్కా వినబడలేదు. మొదటి వారం మేమే రాజులం.

తర్వాత చుట్టాలు మేలుకున్నారు.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. చుట్టం ఇంటి ముందునుంచి సొంత బండిలో వెళ్తూ దిగకుండా వెళ్లిపోతే, అది తగాదా పెట్టుకున్నట్టే. రైల్లో వెళ్లేవాణ్ణి ఎవరూ తప్పు పట్టరు. రైలు మన మాట వినదు కదా. బండి వింటుంది. దిగితే వట్టి చేతులతో దిగకూడదు, కనీసం అరటిపండ్లూ ఆకువక్కా ఉండాలి. మేము వెళ్లే దారిలో లత్తేరిలో నాయన మేనత్త, అంటే నాకు లత్తేరి అవ్వ, ఉండేది. కాట్పాడిలో పెద్దమ్మ తమ్ముడు, అంటే పెదనాయనకు సొంత బామ్మర్ది, ఉండేవాడు. ఇద్దరి ఇళ్లూ రోడ్డు మీదే.

మొదట కబురు పంపింది లత్తేరి అవ్వ. "బండి సద్దు దినామూ నా చెవిలో పడతా ఉండాది, మా వాడి మొకం మాత్రం కండ్ల పడలేదే" అని. నాయన మర్నాడే అరటిపండ్లు కొని దిగాడు. కాట్పాడివాళ్ల దగ్గర దిగితే వేలూరికి ఆలస్యమవుతుందని నాయన అంటే పెదనాయనే మండిపడ్డాడు. "మా బామ్మర్ది ఇంటి ముందర ఆపకుండా పోతే నా మర్యాద ఏం కావల్ల?" కాబట్టి అక్కడ ఇంకా మంచి పండ్లు కొనాల్సి వచ్చేది. వాళ్లూ ఊరుకునేవాళ్లు కాదు. "సంచి వట్టిగా పంపేది ఎట్లప్పా" అని లత్తేరి అవ్వ చింతపండో, వంకాయలో, వేరుశనక్కాయలో కుక్కి పంపేది. కాట్పాడివాళ్లు టెంకాయలు పెట్టేవాళ్లు. సాయంత్రం నాయన ఆ సంచి వంటింట్లో దించేసేవాడు. దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

ఒకరోజు నాయన జేబులో పండ్లకు డబ్బుల్లేవు. లత్తేరి పొలిమేరలో ఇంజన్ ఆపేసి, "దిగమ్మా, సద్దు చెయ్యద్దు" అన్నాడు. ఇద్దరం బండిని తోసుకుంటూ వెళ్లాం. నాయన హ్యాండిల్ పట్టుకున్నాడు, నేను వెనకనుంచి మూటను తోశాను. అవ్వ ఇంటి ముందుకు రాగానే ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఆమె అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"అయ్యో, బండి చెడిపోయిందా నాయనా?" అంటూ చాట పడేసి పరిగెత్తుకొచ్చింది. "ఎంత దూరం నుంచి తోసుకొస్తా ఉండారో పాపం! పిల్ల చూడు, ఎట్ల చెమట్లు పట్టిందో. రండి, రండి లోపలికి."

చెడిపోలేదని నాయన ఎట్లా చెప్తాడు? ఆమె మజ్జిగ ఇచ్చింది, దోసెలు పోసింది, సైకిళ్లు బాగుచేసే మనిషికి కబురు పెట్టింది. అతను వచ్చి, ఒక్క తన్ను తన్నగానే బండి భళ్లున స్టార్టయింది.  ఆ రోజు నేను బడికి వెళ్లేసరికి మధ్యాహ్నం గంట కొడుతున్నారు.

ఆయుధపూజ దగ్గర పడింది. పెదనాయన నాయనను కూర్చోబెట్టి లెక్క తేల్చాడు. "పెట్రోలు నువ్వు చెప్పినట్టే తక్కువ పట్టిందప్పా. కానీ నీ బండి పెట్రోలు కన్నా అరటిపండ్లు ఎక్కువ తాగింది! రైలుకూ దీనికీ ఏం తేడా లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. పూజ దాకా మల్లా రైల్లోనే పో, చూస్తాం." ఆంబూరునుంచి ఎవరో బండి కొనడానికి పూజ రోజు వస్తారని కూడా చెప్పాడు.

బండిని పెరట్లో గోనెపట్ట కప్పి నిలబెట్టారు. నేను ఇంట్లో ఉండిపోయాను. పొద్దున నాయన జట్కా ఎక్కి వెళ్తూ నా వైపు చూడకుండా వెళ్లేవాడు. నాకు ఎంత కోపమంటే, గోడ మీద నేను రాసుకున్న అక్షరాలన్నీ తడిగుడ్డతో తుడిచేశాను. అమ్మ చూసింది. నా జడ విప్పి మళ్లీ వేసింది.

కొన్నాళ్లకు వంటింట్లో నుంచి పెద్దమ్మ పిలుపులు మొదలయ్యాయి. "ఏమండీ, కూరగాయలకు దుడ్డు ఇయ్యండి." మర్నాడు, "చింతపండు అయిపోయింది." ఆ మర్నాడు, "టెంకాయ లేకుండా చట్నీ ఎట్ల చేసేది?" పెదనాయనకు అర్థం కాలేదు. "ఇన్నాళ్లూ అడగలేదే మీరు?" అన్నాడు. పెద్దమ్మ, "ఇన్నాళ్లూ సంచి వస్తా ఉండె కదా" అంది.

అది చాలదన్నట్టు ఒక ఆదివారం ఎద్దులబండి మా వాకిట్లో ఆగింది. లత్తేరి అవ్వ, ఇద్దరు కోడళ్లు, వాళ్ల పిల్లలు. ఆమె లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"బండి సద్దు లేదు, మా వాడు రావడం లేదు. మా వల్ల ఏం తప్పు జరిగిందో చెప్పండప్పా. చెప్పినాకే కాలు లోపల పెడతా."

తగాదా తీర్చుకోవడానికి వచ్చిన చుట్టాన్ని వడా పాయసంతో భోజనం పెట్టకుండా పంపకూడదు. కొత్తబట్ట పెట్టకుండా అసలే పంపకూడదు. వాళ్లు రెండు రోజులున్నారు. వాళ్లు బండెక్కేలోపే కాట్పాడి బామ్మర్ది పెళ్లాం బిడ్డలతో రైలు దిగాడు, అదే అనుమానంతో. పెదనాయన అంగడికి పోవాల్సిన లుంగీల మూట విప్పి, మగవాళ్లందరికీ ఒక్కొక్కటి చొప్పున చేతుల్లో పెడుతుంటే ఆయన ముఖం చూడాలి. మా అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

వెళ్లేముందు లత్తేరి అవ్వ నా గడ్డం పట్టుకుంది. "నువ్వేంటికి బడికి పోలేదు తల్లీ?" అంది. అంతే, నేను ఆమె ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. బండి అమ్మేస్తారనీ, ఒత్తులు ఇంక రావనీ ఏడుపులోనే చెప్పేశాను. ఆమె పెదనాయన వైపు తిరిగి, "పొద్దున ఆ సద్దు వింటే గానీ నాకు కాఫీ దిగదప్పా" అని మాత్రం అంది. 

ఆయుధపూజ వచ్చింది. హాలులో పెదనాయన తక్కెడ, గజం కడ్డీ, కత్తెరలు, డబ్బుల పెట్టె వరసగా పెట్టి, ప్రతి ఏడూ చేసినట్టే వాటిమీద గంధంతో తమిళ పిళ్లయార్ చుళి, అంటే వినాయకుడి గుర్తు, వేశాడు. బండి మాత్రం పెరట్లోనే ఉంది. ఆంబూరు మనిషి కూడా వచ్చాడు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. 

పెదనాయన అతనికి కాఫీ ఇప్పించాడు. "క్షమించల్లప్పా, బండి అమ్మేది లేదు," అన్నాడు. "అది నిలబడితే మాకు ఎక్కువ ఖర్చవుతా ఉండాది." తర్వాత నాయన వైపు చూసి, "ఏరా, ఇంకా నిలబడి ఏం చూస్తా ఉండావు? లోపలికి తోసుకురా" అన్నాడు.

నాయన బండిని హాలులోకి తోసుకొచ్చాడు. పెదనాయన చక్రాలకు కుంకం పెట్టాడు, హ్యాండిల్‌కు పూలదండ వేశాడు. పెట్రోలు ట్యాంకు దగ్గరకొచ్చి గంధం గిన్నె పట్టుకుని ఆగిపోయాడు. "ఇట్ల రా పాపా," అని నన్ను పిలిచాడు. "మా నాయన తక్కెడ మీద మన అక్షరంలో శ్రీ రాస్తా ఉండె. నేను నేర్చుకోలేదు. నీకు వచ్చునా?"

శకారం కింద రవత్తు. నేను ఆగిపోయే ముందు వేలూరులో నేర్చుకున్న చివరి ఒత్తు అదే. గంధంలో వేలు ముంచి మెల్లగా రాశాను. అక్షరం చక్కగా వచ్చింది. పెదనాయన వంగి చూశాడు. ఆ గంధానికి తగలకుండా, గాలిలోనే దాని వంపుల వెంట తన వేలు తిప్పాడు.

"ఇదే," అన్నాడు. "ఇట్లనే ఉండె."

ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూసింది అదొక్కసారే. మర్నాడు పొద్దున అవ్వ నన్నూ మూటనూ మళ్లీ తాడుతో కట్టింది. అరటిపండ్లకు డబ్బులు పెదనాయనే పెట్టె తీసి ఇచ్చాడు. నాయన రోజూ బండిని నూనెగుడ్డతో తుడిచేవాడు. ట్యాంకు దగ్గరకొచ్చేసరికి మాత్రం, వాన వచ్చి ఆ గంధం కరిగిపోయేదాకా, అక్షరం చుట్టూనే తుడిచేవాడు.