గుత్తికోట మీద నిలబడిన టెంకాయ

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. దయ్యం పట్టిందని ఇంటివాళ్ళు వేపమండలు కట్టిన పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళి, రక్తం తక్కువని తేల్చి, ఐరన్ మాత్రలు మింగించిన మనిషిని. దయ్యాల మీదా మహిమల మీదా నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఈరోజుకీ లేదు. అందుకే ఇది రాయడం కొంచెం ఇబ్బందిగా ఉంది.

మాది తాడిపత్రికి దగ్గర్లో పెన్న ఒడ్డున చిన్న ఊరు. ఒడ్డు అనడమే గానీ, ఏటిలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. మా నాయన సేద్యం చేసుకుంటూ, అడిగినవాళ్ళకు బోరు పాయింటు చూపించేవాడు. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. కింద నీళ్ళున్న చోట టెంకాయ లేచి నిలబడుతుంది. అది నీ చేతి కండరాల పని నాయనా అని నేను ఏడిపించేదాన్ని. ఆయన నవ్వేవాడు.

ఆయనకు ఒక నియమం ఉండేది. పాయింటు పెట్టిన వాళ్ళింట్లో, బోరులో నీళ్ళు పడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టడు.

రెండేళ్ళ కిందట తన చిన్ననాటి స్నేహితుడు ఓబులేసు మామకు పాయింటు పెట్టాడు. బోరులోంచి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మామ ఒక్క మాట అనలేదు. కానీ నాయన పట్టు నాయనది. రోజూ పొద్దున కాఫీ తాగే ఇంటి గడప తొక్కడం మానేశాడు. టెంకాయ పట్టడం మానేశాడు. రానురాను మాట్లాడటమూ తగ్గించాడు. కళ్ళముందే మనిషి అట్లా ఎండిపోతూ వచ్చాడు.

పోయినేడు వానలు వెలిశాక, ఒక ఆదివారం ఆయన్ని ఇంట్లోంచి బయటికి లాగాను. మన చుట్టుపక్కల చూడదగిన చోట్లు చూపిస్తానన్నాను. ఆయన డెబ్బై ఏళ్ళు వాటి పక్కనే బతికి ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు కదా.

ముందు తాడిపత్రి. చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతిరథానికి నేను ఫొటోలు తీస్తుంటే నాయన ఆవలించాడు. ఏటి ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో మాత్రం కదల్లేదు. సగంలో ఆగిపోయిన గోపురాలూ వాటి మీది శిల్పాలూ ఆయనకు పట్టలేదు. లింగం దగ్గర ఊరే నీళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. ఎంత కరువులోనూ ఆ ఊట ఆగదని మా వైపు చెప్పుకుంటారు. గుడి బయట కొన్న రెండు టెంకాయల్లో ఒకటి అక్కడ కొట్టాం. రెండోది గుత్తికోట మీద కొట్టమని నా సంచిలో వేశాడు.

గుత్తి చేరేసరికి పన్నెండు దాటింది. మోకాళ్ళ నొప్పితో ఆయన కోట మొదటి వాకిలి నీడలోనే కూర్చుండిపోయాడు. నేను ఒక్కదాన్నే ఎక్కాను. రెండు మూడు వాకిళ్ళు దాటి మలుపు తిరిగాక ఆయన కూర్చున్న చోటు కనబడలేదు.

పైన రాతిలో తొలిచిన బావులున్నాయి. అంత ఎత్తున, బండలో, నీళ్ళు ఎట్లా కనిపెట్టారో అనుకుంటూ ఒక బావి దగ్గర ఆగాను. చుట్టూ ఎవరూ లేరు. నాయన్ని ఏడిపించడానికి ఒక కథ దొరుకుతుందని టెంకాయ తీసి అరచేతిలో పడుకోబెట్టి నాలుగడుగులు వేశాను.

అది లేచింది. మెల్లగా లేచి, పిలక పైకి పెట్టి నిలబడింది. వెనక్కి వస్తే పడుకుంది. మళ్ళీ అక్కడికే పోతే మళ్ళీ లేచింది. చోటు తెలియకూడదని కళ్ళు మూసుకుని, అటూ ఇటూ తిరిగి, ఇంకోసారి చేశాను. అప్పుడూ అక్కడే. మూడోసారికి మోచేతి దాకా సలుపు పుట్టింది. టెంకాయ కొట్టకుండానే దిగి వచ్చేశాను. భయపడ్డాను, దాచడమెందుకు.

కింద నాయన కుడి అరచెయ్యి రుద్దుకుంటూ కూర్చున్నాడు. అరచెయ్యి ఎర్రగా కంది ఉంది. నేను నోరు తెరవకముందే ఆయనే అడిగాడు.

“మూడు తూర్లు లేసినాది గదా పాపా?”

నీకెట్లా తెలుసంటే, చెయ్యి గుంజిందని మాత్రం చెప్పాడు. తిరుగు బస్సెక్కాం. మా ఊరు దగ్గరపడుతుండగా, “ఓబులేసు చేన్లోకి పోదాం పా. ఆ బోరులో నీళ్ళుండాయి” అన్నాడు.

పొద్దు వాలే వేళకు చేను చేరాం. మామ గట్టు మీదే ఉన్నాడు.

“ఏమప్పా, ఇన్నాళ్ళకు దోవ తెలిసినాదా?” అన్నాడు.

నాయన నేరుగా బోరు దగ్గరికి నడిచాడు. బోరు మీద మూసిన బండను మామా నేనూ పక్కకు జరిపాం. నాయన ఒక గులకరాయి లోపలికి వదిలాడు. ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. లోతులో నీళ్ళ చప్పుడు వినిపించింది. మామ బోరు పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

వానలు బాగా కురిసిన ఏడు ఎండిన బోర్లలోకి నీళ్ళు ఊరడం వింతేమీ కాదు. పిల్లలకు బొమ్మ గీసి చెప్పగలను. టెంకాయ లేవడాన్ని కూడా ఎట్లాగో నా కండరాలకే అంటగట్టుకుంటాను. కానీ నేను టెంకాయ సంచిలోంచి తీసిన సంగతి, అది లేచిన సంగతి, అదీ మూడుసార్లని, కొండకింద కూర్చున్న మనిషికి ఎవరు చెప్పారు? నేను ఫోను కూడా చేయలేదు. తర్వాత ఇంట్లో, చేన్లో, ఎన్నో టెంకాయలు పట్టుకుని చూశాను. ఒక్కటీ కదల్లేదు.

వారం తర్వాత మామ మోటారు దింపితే ఇంచున్నర ధారగా నీళ్ళు వచ్చాయి. గుత్తి నుంచి వెనక్కి తెచ్చిన టెంకాయనే మోటారుకు కొట్టారు. అత్త ఇంట్లోంచి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. నాయన చెంబెత్తి తాగుతూనే ఉన్నాడు. గడ్డం మీంచి చొక్కా మీదికి కారుతున్నా ఆపలేదు. ఖాళీ చెంబు అత్త చేతికిచ్చి, “ఇంగో చెంబు తేమ్మా” అన్నాడు.

ఆ మూడుసార్ల లెక్క ఆయనకు ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నాయన్ని అడగడం మాత్రం ఆ రోజుతో మానేశాను.