మట్టం మేస్త్రి మోకాలు

టైల్స్ వేసే ఆ మేస్త్రిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. మట్టం మేస్త్రి అంటేనే తెలుస్తుంది. నేల వాలు చూసే చిన్న రసమట్టం ఎప్పుడూ ఆయన జేబులో ఉంటుంది. టీకొట్టుకు వెళ్ళినా దాన్ని బల్ల మీద పెట్టి, లోపలి బుడగ ఓ పక్కకు జరిగిందంటే కాగితం మడిచి బల్ల కాలి కింద దోపి, అప్పుడుగానీ గ్లాసు ముట్టడు. "నా బల్లలతో నీకేం పగ స్వామీ!" అని టీకొట్టువాడు దణ్ణం పెట్టేశాడు కూడా.

పనిలో ఆయనకు ఒకటే పట్టింపు. పరిచిన నేల ఆరేదాకా ఎవరూ కాలు పెట్టకూడదు. గుమ్మానికి అడ్డంగా దారం కట్టి, కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటాడు. ఇంటి యజమానైనా సరే, దారం దాటాడంటే వాడి పని అయిపోయినట్టే. పైకి గట్టిగా కనిపించినా అడుగున సిమెంటు పచ్చిగానే ఉంటుందనీ, అప్పుడు తొక్కితే పలక కింద గుల్ల పడుతుందనీ ఆయన వాదన. వాదన నిజమే. అరుపే కాస్త ఎక్కువ.

పెళ్ళయిన కొత్తలో ఆ అరుపు భార్యకూ తగిలింది. ఆయన పలకలు పరుస్తుంటే ఆవిడ వెనకాలే సందులు నింపుకుంటూ వస్తుంది. ఒకరోజు మొగుడు ఎండకు సొమ్మసిల్లేలా ఉన్నాడని, పాపం, మంచినీళ్ళు తెస్తూ పచ్చి నేల మీద అడుగేసింది. "కళ్ళు నెత్తికెక్కాయా? ఆరకముందే తొక్కుతావా?" అని నలుగురిలో నోరు పారేసుకున్నాడు. ఆ నీళ్ళు ఆవిడే గటగటా తాగేసి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నీళ్ళు తెచ్చినా గుమ్మం దగ్గరే నిలబడుతుంది. కావాలంటే ఆయనే లేచి రావాలి.

అలా లేచి రావడంలోనే కొంప మునిగింది. ఓ మధ్యాహ్నం మోకాళ్ళ మీదనుంచి లేస్తూ గ్లాసు వైపు తిరిగాడు. ఎడమ మోకాట్లో టక్కుమంది. అంతే, కాలు చాపుకోవడానికి లేదు, ముడుచుకోవడానికి లేదు. ఆవిడ గ్లాసు పారేసి పరిగెత్తింది. అంత నొప్పిలోనూ "అటు పక్కనుంచి రావే, ఇటు పచ్చిగా ఉంది!" అని అరిచాడు మహానుభావుడు.

స్కానింగ్ చూసి డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. మోకాట్లో రెండెముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి చిరిగింది, చిరిగిన అంచు మడతపడి కీలులో ఇరుక్కుంది.

"అదంతా సరేనమ్మా. మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని పని చేసుకోగలనా? ఆ ఒక్కటీ చెప్పండి," అన్నాడు. ఆయనకు వేరే పని రాదు. నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

"చిరిగిన ముక్క కత్తిరించి తీసేస్తే త్వరగా తిరుగుతారు. కానీ ముందుముందు ఎముకలు ఒరుసుకుంటాయి. మీ చిరుగు రక్తం అందే అంచులో ఉంది కాబట్టి కుట్టేస్తే అతుక్కునే అవకాశం బాగా ఉంది. కాకపోతే నెలల తరబడి ఓపిక పట్టాలి. ఆ తర్వాత కూర్చుంటారనే నా నమ్మకం."

"కుట్టేయండి. పగిలిన పలక పీకేసి గుంత వదిలేసే రకాన్ని కాను నేను."

నడుం కిందంతా మొద్దుబారేలా మత్తిచ్చారు. మోకాలికి రెండు చిన్న చిల్లులు పెట్టి, ఒకదాంట్లోంచి సన్నని కెమెరా, రెండోదాంట్లోంచి పనిముట్లు లోపలికి పంపారు. పక్కనున్న టీవీలో తన మోకాలి లోపలిభాగం తెల్లగా కనిపిస్తుంటే ఆయన రెప్ప వేయలేదు. "అమ్మా, ఆ కుట్టు వరస తప్పలేదు కదా?" అని అడిగాడు.

"మీరు కాసేపు మాట్లాడకుండా ఉంటే తప్పదు మేస్త్రిగారూ."

ఇంటికొచ్చాక ఆ చిల్లులే ఆయన్ని మోసం చేశాయి. కట్లు విప్పి చూస్తే బఠాణీ గింజంత మచ్చలు రెండు. "ఇంతేనా! దీనికా ఇంత హడావుడి!" అని వచ్చినవాళ్ళందరికీ చూపించుకున్నాడు. కొన్ని వారాలకే చంకకర్రలేసుకుని, బావమరిది టైల్స్ వేస్తున్న పెద్ద హాలుకు బయల్దేరాడు. చూసి వచ్చేస్తానన్నాడు. చూశాక ఊరుకుంటాడా? ఒక వరస మట్టం తప్పింది.

"ఒరేయ్, ఇది నేలా, జారుడుబల్లా? జరుగు," అంటూ కర్రలు గోడకానించి, మోకాలి పట్టీ విప్పి, కిందికి వంగబోయాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా? ఆరకముందే తొక్కుతావా?"

హాల్లో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు. అవతలి మూల సందులు నింపుతున్న భార్య, చేతినిండా సిమెంటుతో లేచి నిలబడింది.

"పైకి చిల్లులే కనపడతాయి. లోపల కుట్లు పచ్చిగానే ఉన్నాయని డాక్టరమ్మ చెప్పలేదూ? పచ్చి నేల తొక్కితే నువ్వు ఊరుకుంటావా? నేనెందుకు ఊరుకోవాలి?"

ఎంత పని చేయబోయాడో మేస్త్రికి అప్పుడు తెలిసింది. గబగబా పట్టీ బిగించుకున్నాడు. ఆవిడ కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి, ఆయన దారమే తీసి కుర్చీ ముందు అడ్డంగా కట్టింది. "బావా, ఇన్నాళ్ళకి నీకు సరైన మేస్త్రి దొరికింది," అని బావమరిది ఒకటే నవ్వు.

ఆ దారం దాటకుండా నెలలు గడిపాడు. చెప్పిన వ్యాయామాలన్నీ చేశాడు. ఒక ఉదయం డాక్టరమ్మ మోకాలు వంచి, తిప్పి, నొక్కి చూసి, "మెల్లమెల్లగా మొదలుపెట్టండి," అంది.

మర్నాడే పనిలోకి దిగాడు. మెత్త వేసుకుని మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి పలక అమర్చి, రబ్బరు సుత్తితో తట్టాడు. బుడగ నడిమధ్య నిలిచింది.

అంతలో గుమ్మం దగ్గరికి ఆవిడ నీళ్ళు తెచ్చి నిలబడింది. బావమరిది చెయ్యి అందించబోతే "ఉండవోయ్," అని తోసేశాడు. గోడ పట్టుకోలేదు. కాలు చూసుకుని వేస్తూ నిటారుగా లేచాడు. నడిచి వచ్చి చెయ్యి చాచాడు.

ఆవిడ గ్లాసు ఇవ్వలేదు. ఓ నాలుగడుగులు వెనక్కి వేసి, "ఇంకొంచెం నడువు, చూడనీ," అంది.